చప్పుడు లేని చార్జింగ్ సెట్టు: ప్రొద్దుటూరులో కొని, జమ్మలమడుగులో తిట్టి, పులివెందులలో వాడిన కథ

వ్యానులో మంచం, పొయ్యి, నీళ్ళ పీపా అన్నీ అమర్చుకుని దేశం తిరిగే కుర్రకారు కూడా ఈ బ్లాగు చదువుతున్నారని నాకు ఈ మధ్యే తెలిసింది. పోయిన వారం ఒకమ్మాయి రాసింది. “బామ్మగారూ, మా వ్యాను బ్యాటరీలకు చార్జింగ్ పెట్టుకోవడానికి చిన్న జనరేటరు కొందామనుకుంటున్నాం. మీరు పూర్వం ఇలాంటి వ్యానులోనే తిరిగారట కదా. చప్పుడు అస్సలు లేనిది ఎలా ఎంచుకోవాలో చెబుతారా?” ఆ ఆఖరి ముక్క చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఇన్నేళ్ళయినా, జనరేటరు అన్న మాట వినబడితే చాలు, నాకు జమ్మలమడుగులో ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది, ఆ వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీదో చివరికి మీకే తెలుస్తుంది. ముందు ప్రయాణం సంగతి చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది తెనాలి పక్కన పల్లె. మా అక్క సుందరమ్మ హరికథలు చెప్పేది, మా బావ రాఘవయ్య మృదంగం వాయించేవాడు, హార్మోనియం నాది. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు, నోటికి మాత్రం నలభై ఉంటాయని మా బావ అనేవాడు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత వ్యాను ఒకటి కొని, లోపల రెండు బల్లలు పరుపులకు, ఒక మూల కిరోసిన్ స్టవ్వుకు, ఇంకో మూల వాయిద్యాలకు చోటు చేసుకుని, ఏడాదిలో తొమ్మిది నెలలు అందులోనే కాపురం. డ్రైవరు కూడా మా బావే.

ఇలా సుఖంగా తిరుగుతున్నవాళ్ళం జనరేటరు కోసం ఎందుకు బయల్దేరామంటే, అక్క గొంతు కోసం. గుంటూరులో డాక్టరు చూసి, గొంతులో చిన్న చిన్న గడ్డలు లేచాయనీ, మైకు లేకుండా ఇంకొక్క సీజను అరిచిందంటే ఆ గొంతు మళ్ళీ రాదనీ తేల్చి చెప్పాడు. సాయంత్రం కథ తప్ప పగలంతా మౌనం. అందుకని అక్క మెడలో పిల్లల పలక ఒకటి తగిలించాం, ఏం కావాలన్నా దాని మీద రాయాలి. మైకు ఆడాలంటే మా యాంప్లిఫయరు పెట్టెకు రెండు బ్యాటరీలు కావాలి. అవి రెండు కథలకే నీరసించేవి. కరెంటు ఉన్న ఊళ్ళో చార్జింగ్ షాపు వెతుక్కుని ఒక రోజంతా అక్కడ పడేస్తేగానీ మళ్ళీ లేచేవి కావు. నరసరావుపేట పక్క ఒక ఊళ్ళో కథ మధ్యలో బ్యాటరీలు చచ్చిపోతే, వచ్చిన జనాన్ని లేపలేక అక్క గంటసేపు ఉత్త గొంతుతో అరిచింది. తెల్లారి పుక్కిలించి ఉమ్మితే నెత్తురు పడింది. ఆ నెత్తురు చూసిన రోజే అనుకున్నాను, ఏం అమ్మైనా సరే సొంతంగా చార్జింగ్ పెట్టుకునే యంత్రం కొనాలని.

ఇంతలో పులివెందుల నుంచి పిలుపు వచ్చింది. శ్రీరామనవమికి తొమ్మిది రోజులు, తొమ్మిది కథలు. కథ పెట్టే పేటలో కరెంటు లేదు. కడపలో ఒక మైకుసెట్టు ఆయన, ప్రొద్దుటూరులో మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న డిస్పోజల్ సరుకు అమ్మే కొట్టు ఉందనీ, అక్కడ పెట్రోలుతో నడిచే చిన్న చార్జింగ్ సెట్లు దొరుకుతాయనీ చెప్పాడు. తెల్లవారుజామున అయిదుకు కడప వదిలాం. చెన్నూరులో పెన్న దగ్గర టీ తాగి, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు చేరేసరికి తొమ్మిదయింది. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. చైత్రంలో ఆ పక్కకు వెళ్ళేవాళ్ళు పది లోపు ఊరు చేరిపోవాలి, లేకపోతే వ్యానులో కూర్చున్నా పొయ్యి మీద కూర్చున్నా ఒకటే.

ప్రొద్దుటూరు బజారులో బంగారం కొట్లు దాటి, పత్తి బేళ్ళ బండ్లు తప్పించుకుని, లోపలి సందులో ఆ డిస్పోజల్ కొట్టు పట్టుకున్నాం. మనిషి ఎత్తున గుడారాలు, బూట్లు, వైరు చుట్టలు, వాటి మధ్య మూడు చార్జింగ్ సెట్లు. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అన్నిటికంటే పెద్దదాని మీద చెయ్యేశాడు. “ఇది తీసకపోండమ్మా. గుర్రం మాదిరి పనిచేస్తాది” అన్నాడు. తాడు చుట్టి లాగగానే అది కొట్టునంతా అదరగొట్టింది. పక్క కొట్లో పంతులుగారు చెవులు మూసుకున్నారు. “ఇది మాకెందుకయ్యా? గుళ్ళ దగ్గర, బళ్ళ దగ్గర వ్యాను ఆపుకునేవాళ్ళం. మా అక్కకు పగలంతా విశ్రాంతి కావాలి. చప్పుడు లేనిది చూపించు” అన్నాను.

ఆయన మూలనుంచి చిన్నదాన్ని ఒకదాన్ని లాగాడు. పొగగొట్టానికి పొడుగాటి సైలెన్సరు ఉంది. నడిపిస్తే నిజంగానే పిల్లి గురక. పది అడుగులు అవతలికి వెళితే వినబడదు. దానికి ఒక బల్బు తగిలించి “సూడు, ఎట్ల వెలుగుతాండాదో” అని మురిసిపోయాడు. ఇక్కడ ఒక్క మాట మీకు పనికొస్తుంది. బల్బు వెలగడం చూసి ఎప్పుడూ కొనకండి. బల్బుకు కావలసింది గుప్పెడు కరెంటు, బ్యాటరీకి కావలసింది గంగాళం. నేను వ్యానులోంచి నీరసించిన మా బ్యాటరీ దింపించి, దానికి కట్టి రెండు గంటలు నడపమన్నాను.

“రెండు గంటలా? నాకు బేరం పని లేదా ఏందమ్మా?” అన్నాడాయన.

“ఉంటే చేసుకోవయ్యా. మేమిక్కడే కూర్చుంటాం.”

“ఆడమనిషి ఇంజను బేరానికి రావడం నేను యాడా సూడలే.”

“ఇప్పుడు చూశావుగా. పెట్రోలు పోసి నడుపు.”

రెండు గంటలూ అక్కడే అరుగు మీద కూర్చున్నాను. బావ ఎదురుగా హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పట్టించుకొచ్చాడు. అక్కకు కారం పడదు కాబట్టి మజ్జిగన్నం. గంటకు పెట్రోలు ఎంత తాగుతుందో నేనే సీసాతో కొలిచాను, ఇంజను దిమ్మ మీద చెయ్యి పెట్టి వేడి చూశాను, బ్యాటరీ మూతలు తీసి లోపల బుడగలు లేస్తున్నాయో లేదో చూశాను. అన్నీ బాగున్నాయి. ధర మాత్రం మా పదిహేను కథల సంభావన. గీచి గీచి పన్నెండుకు దించాను. కొట్టాయన చివరికి బావ వైపు తిరిగి, “ఈ తల్లితో నువ్వెట్ల యేగుతాండావప్పా?” అన్నాడు. బావ నవ్వాడు. చూసి చూసి, బేరమాడి, నలుగురిలో గెలిచి కొన్న వస్తువు మీద మనిషికి ఒక పొగరుంటుంది. ఆ రోజు నాకు అది నెత్తికెక్కింది. ఆ పూటంతా అక్కకు ‘వినబడుతోందా? చూశావా, వినబడదు’ అని చెప్పి చెప్పి చంపాను.

మధ్యాహ్నం మూడుకు ప్రొద్దుటూరు వదిలి గంటలో జమ్మలమడుగు చేరాం. దారి పొడుగునా చేలలో బావుల దగ్గర ఆయిలింజన్లు. ఒక్కోటీ ఒక్కో రకంగా కూస్తోంది. పొగగొట్టం మూతి మీద లోహపు గిన్నె ఒకటి బోర్లించి కడతారట, పొగ తగిలినప్పుడల్లా ఆ గిన్నె కూత పెడుతుంది. నాలుగు చేల అవతల ఉన్న రైతు కూడా తన ఇంజను నడుస్తోందో ఆగిందో కూతను బట్టే చెప్పేస్తాడని, దారిలో నీళ్ళ కోసం ఆగినప్పుడు ఒకాయన చెప్పాడు. “అదో, ఆ సన్నకూత మా మామది. బండకూత నాది. నిద్రలో నిలిచిపోయినా మెలకువ వస్తాది” అన్నాడు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి శ్రద్ధగా విన్నది. నేను మాత్రం ‘ఇదేం పైత్యం, ఉన్న చప్పుడు చాలక మళ్ళీ గిన్నె కూడానా’ అని విసుక్కున్నాను.

ఆ రాత్రికి ఒక తోట పక్కన వ్యాను ఆపుకున్నాం. మర్నాడు పొద్దున్నే చార్జింగ్ పెట్టి, వ్యాను వెనక ఇరవై అడుగుల దూరంలో, కంప చాటున యంత్రాన్ని ఉంచి, అక్కను వ్యానులో పడుకోమని చెప్పి, నేనూ బావా బజారుకు వెళ్ళాం. సరుకులు, పెట్రోలు, బావ చెప్పులకు కుట్టు, అన్నీ అయ్యేసరికి రెండున్నర గంటలు పట్టింది. తిరిగి వచ్చేసరికి అక్క రోడ్డు మీద ఎండలో నిలబడి, చేతిలో చిడతలు వాయిస్తోంది. కథలో వాయించే చిడతలు. మొహం కందిపోయింది, చెమటతో జాకెట్టు తడిసిపోయింది. ఆవిడ ముందు నేల మీద రెండు అణాలూ, ఒక అరటిపండూ ఉన్నాయి.

జరిగింది ఇదీ. యంత్రం ఎప్పుడో ఆగిపోయింది. చప్పుడు లేనిది కాబట్టి ఆగిన సంగతి అక్కకు తెలియలేదు. చాలాసేపటికి కమురు వాసన వస్తే దిగి చూసింది. ఇంజను ఆగితే బ్యాటరీలో కరెంటు వెనక్కి యంత్రంలోకి పోకుండా ఆపే చిన్న డబ్బా ఉంటుంది, కట్ అవుట్ అంటారు. అది అతుక్కుపోయింది. అంటే మేము నింపుదామనుకున్న బ్యాటరీలను యంత్రమే కూర్చుని తాగుతోంది. ఏ వైరు పీకాలో అక్కకు తెలియదు, ముట్టుకోవడానికి భయం. ఎవరినన్నా పిలుద్దామంటే అరవకూడదు. రోడ్డు మీదికి వచ్చి చిడతలు వాయించింది. వచ్చేపోయేవాళ్ళు భజన చేసుకుంటోందనుకుని దణ్ణం పెట్టి, తోచింది పెట్టి పోయారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రొద్దుటూరు కొట్టాయన్ని తిట్టాను, పెట్రోలు పోసినవాణ్ణి తిట్టాను, అరటిపండు పెట్టిన మహాతల్లిని కూడా వదల్లేదు. మనిషి ఆపదలో ఉంటే పండు పెట్టి పోతారా! అక్క పలక మీద ఏదో రాసి చూపించబోయింది. ‘నువ్వు ముందు లోపల పడుకో’ అని చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కించేశాను. యంత్రం నేను ఎంచింది. అందులో లోపముందని ఎవరు చెప్పినా, చివరికి అక్క చెప్పినా, వినే స్థితిలో లేను. ఇది అప్పుడు తెలియలేదు.

తోట కాపలాదారు, మస్తాన్ సాయబు అనే మెకానిక్కు దగ్గరికి వెళ్ళమన్నాడు. ఊరి చివర రేకుల షెడ్డు, బయట విప్పదీసిన ఆయిలింజన్లు. మస్తాన్ సాయబుకు యాభై దాటి ఉంటాయి, గడ్డం నిండా గ్రీసు. కట్ అవుట్ డబ్బా మూత తీసి, “పాయింట్లు మాడిపోయినాయమ్మా. గీకి ఇస్తా. మజ్జాన్నం దాంకా పడ్తాది” అన్నాడు. అక్క అలిసిపోయి ఉంది. షెడ్డు నీడలో ఆయన భార్య మంచం వాల్చి, కుండలో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అక్కను అక్కడ వదిలి నేనూ బావా మళ్ళీ బజారుకు పోయి, డిస్టిల్డ్ వాటర్ వెతికి, జొన్నరొట్టె, చెనిగ్గింజల పచ్చడి, అదే వేరుశెనగ పచ్చడి, కట్టించుకుని వచ్చాం. బయట నుంచే వినబడింది ఆ కూత. అమ్మో, ఏం కూత! చెవిలో సూది పెట్టి తిప్పినట్టు.

నా యంత్రం. నేను పన్నెండు కథలు పోసి కొన్న యంత్రం. సైలెన్సరు సగానికి కోసి నేల మీద పడుంది. గొట్టం మూతి మీద ఇత్తడి గిన్నె ఒకటి తీగతో బిగించి ఉంది. మస్తాన్ సాయబు దాన్ని అటూ ఇటూ వంచుతూ, కూత సరిగ్గా కుదిరిందా లేదా అని చెవి పెట్టి వింటున్నాడు.

“ఏమయ్యా! ఎవడు కొయ్యమన్నాడు నిన్ను?” అని అరిచాను.

ఆయన ఇంజను ఆపి లేచి నిలబడ్డాడు. అక్క వైపు ఒకసారి చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, “మా పక్క ఇట్లనేమ్మా. కూత లేకుంటే ఇంజను ఉండాదో పోయిందో తెల్దు గదా” అన్నాడు.

“మీ పక్క పైత్యం మా నెత్తిన రుద్దుతావా? దీన్ని చప్పుడు లేదనే కొన్నాను! రోగిష్టి మనిషి పక్కన పెట్టుకునే వస్తువు ఇది. బావి దగ్గర కట్టేసుకునే గొడ్డనుకున్నావా? చేతిలో రంపం ఉంటే చాలా, బుర్ర అక్కర్లేదా?” ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది. ఆయన భార్య నీళ్ళ చెంబుతో అలాగే నిలబడిపోయింది. బావ “చిట్టీ, ఇక చాలు” అన్నాడు. అక్క మంచం మీంచి లేచి వచ్చి నా భుజం పట్టుకు గుంజింది. పలక నా మొహం ముందు పెట్టింది. నిండా రాసి ఉంది, నాలుగైదు వరుసలు. “ఇప్పుడు కాదక్కా!” అని ఆ పలక లాక్కుని, పమిట చెంగుతో తుడిచి, మంచం మీద పడేశాను.

మస్తాన్ సాయబు కట్ అవుట్ బాగుచేసినందుకు మాత్రం దుడ్లు తీసుకున్నాడు, గిన్నెకు తీసుకోలేదు. “సైలెన్సరు మళ్ళీ అతికియ్యమంటే రేపటిదాంకా ఉండాల. ఉంటారా?” అని అడిగాడు. ఉండడానికి వీల్లేదు, మర్నాడు సాయంత్రమే పులివెందులలో మొదటి కథ. ఆ కూతనే వ్యాను ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా నలభై మైళ్ళు, దారంతా గొణుగుతూనే ఉన్నాను. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదేనన్నాను. అక్క పలక మీద ఆ రోజు మళ్ళీ ఏమీ రాయలేదు. ‘అన్నం తిన్నావా’ అంటే తల ఊపింది, అంతే.

పులివెందులలో మమ్మల్ని పిలిచినవాళ్ళు చెనక్కాయల వ్యాపారులు. వాళ్ళ గోదాము వెనక ఖాళీ జాగాలో వ్యాను పెట్టించారు, పక్కనే పందిరి. నేను కూత బాధ తప్పించుకుందామని పొడుగు వైరు కొని, యంత్రాన్ని గోదాము అవతలి గోడ పక్కకు తరలించాను. అయినా ఊరంతా వినబడేది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఊళ్ళోవాళ్ళు తిడతారనుకుంటే, ఎదురింటి రైతు ఈశ్వరరెడ్డి వచ్చి, “కొత్తకూత ఎవురిదా అని సూడొస్తిమి. మీదేనా? బాగుండాది, సన్నంగా ఉండాది” అని మెచ్చుకుని పోయాడు. పైగా నేను ఏ జాములో మొదలుపెట్టానో, ఎప్పుడు ఆపానో లెక్కలు కూడా చెప్పేవాడు. నాకు మరింత మంట. మొదటి మూడు కథలూ మైకు బాగా పలికింది. అక్క గొంతు వెన్నలా జారింది. జనం రోజురోజుకూ పెరిగారు.

నాలుగో రోజు మధ్యాహ్నం బావ పెట్రోలుకు వెళ్ళాడు. నేను గోదాము వాళ్ళింట్లో తలంటుకుంటున్నాను. అక్కకు జ్వరం తగిలి, మాత్ర మింగి వ్యానులో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. నా నెత్తి మీద కుంకుడు నురగ ఉండగానే తలుపు దబదబ బాదారు. ఈశ్వరరెడ్డి గొంతు.

“ఓమ్మో, హార్మనీ అమ్మా! యాడుండావు? మీ ఇంజను నిలిచిపాయె!”

తడి జుట్టుతోనే పరిగెత్తాను. నాకంటే ముందే ఆయనా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ యంత్రం దగ్గర నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో చేట అలాగే ఉంది. కూత ఆగిన నిమిషంలోనే పేట పేటంతా తలెత్తిందట. వైరు పీకేశాను. కట్ అవుట్ డబ్బా మీద చెయ్యి పెడితే కాలుతోంది, మళ్ళీ అతుక్కుంది. ఇంకో అరగంట అలాగే వదిలేస్తే బ్యాటరీలు ఖాళీ. ఖాళీ అయితే ఆ సాయంత్రం మైకు లేదు. అప్పటికే పందిట్లో చాపలు పరుస్తున్నారు, జ్వరంతో ఉన్నా అక్క మానదు, అంతమంది ముందు మళ్ళీ ఉత్త గొంతుతో అరుస్తుంది. నరసరావుపేట నెత్తురు కళ్ళ ముందు కనబడింది. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. చేట ఆమె, “ఏమైంది తల్లీ, ఇంజనేగదా, ఊరుకో” అని నా వీపు నిమిరింది. ఆ సాయంత్రం కథ జరిగింది. మిగిలిన అయిదూ జరిగాయి. డబ్బా మాత్రం బావ రోజూ గరుకు కాగితంతో గీకేవాడు.

తిరుగు ప్రయాణంలో ముద్దనూరు నుంచి సూటిగా కడప పోవచ్చు. నేనే జమ్మలమడుగు వైపు తిప్పమన్నాను. తప్పు ఒప్పుకోవాలని బయల్దేరానే గానీ, దారంతా నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. కూత పనికొచ్చింది నిజమే, కానీ అడగకుండా ఎందుకు కొయ్యాలి, అడిగి ఉంటే సరిపోయేది కదా అని. పది గంటలకు షెడ్డు ముందు దిగాను. మస్తాన్ సాయబు నన్ను చూడగానే చేతిలో పానా కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రెండడుగులు నేను ఈ రోజుకీ మరిచిపోలేదు.

“సాయబుగారూ, ఆ గిన్నె వల్ల మా కథలు నిలబడ్డాయి. నేను అన్న మాటలు తప్పు” అన్నాను. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? “కానీ, మీరు ఒక్క మాట అడిగి చేసి ఉండాల్సింది” అని కూడా అన్నాను.

ఆయన నా వెనక వ్యాను దిగుతున్న అక్క వైపు చూశాడు. “అక్క గొంతు ఎట్లుందమ్మా?” అని ఆమెనే అడిగాడు. అక్క చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. అప్పుడు నాతో, “అడక్కుండ చేస్తానా తల్లీ? ఆయమ్మే చేపిచ్చుకునింది. పలక మీద రాసిచ్చె. నాకు తెలుగు సదువు రాదంటి. అప్పుడు అదో, ఆ రేకు మీద బొమ్మ ఏసి చూపిచ్చింది” అన్నాడు.

షెడ్డు తలుపు రేకు మీద సుద్దతో వేసిన బొమ్మ ఇంకా ఉంది. ఒక వ్యాను. దాని పక్కన ఒక ఆడమనిషి, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని. వెనక చిన్న యంత్రం. దూరంగా ఇద్దరు మనుషులు, వీపు తిప్పి నడిచిపోతున్నారు, ఒకరికి పొడుగు జడ. యంత్రం గొట్టం మీద ఒక గిన్నె, ఆ గిన్నె నుంచి గీతలు, గీతలు, గీతలు, ఆ జడ మనిషి చెవి దాకా.

“మరి ఆ రోజే చెప్పొచ్చుగా!” అన్నాను.

“నువ్వు చెప్పనిస్తివా? అయినా అక్కాచెల్లెండ్ల మద్దెన నేనేంటికమ్మా. తిట్లే గదా. తుడుచుకుంటే పోతాయి.”

నేను అక్క వైపు తిరిగాను. ఎందుకు చెప్పలేదని ఆవిడ మీద కూడా కోపం తెచ్చుకోబోయానని ఒప్పుకుంటున్నాను. అక్క పలక తీసుకుని, నెమ్మదిగా రెండు మాటలు రాసి నా వైపు తిప్పింది.

“చెప్పాను. తుడిచావు.”

అక్క ఆ తర్వాత పదకొండేళ్ళు కథలు చెప్పింది. ఆ యంత్రం ఆ గిన్నెతోనే మాతో తిరిగింది, ఏ ఊళ్ళోనూ తీయలేదు. ఆ గిన్నె మస్తాన్ సాయబు భార్య వంటింట్లోదని తర్వాత తెలిసింది. నేను పెట్రోలు కొలిచాను, వేడి చూశాను, బుడగలు లెక్కపెట్టాను, రెండు గంటలు అరుగు మీద కూర్చుని ఆ కొట్టాయన్ని ఏడిపించాను. అక్క గొంతు కాపాడడానికే ఇదంతా చేశానని ఊరూరా చెప్పుకున్నాను. ఆ గొంతు పలక మీద నాలుగైదు వరుసలు మాట్లాడితే మాత్రం పమిటతో తుడిచేశాను. ఆ వరుసల్లో ఏముందో తర్వాత ఎన్నిసార్లు అడిగినా అక్క నవ్వేదే తప్ప చెప్పలేదు. నా కోపం ఎవరి మీదో ఇప్పుడు మీకు తెలిసింది కదా.

కాబట్టి అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు. పెట్రోలు ఖర్చు కొలుచుకో, బల్బును నమ్మకు, నీ బ్యాటరీ నువ్వే తీసుకెళ్ళి కట్టించి చూసుకో, ఆగితే కరెంటు వెనక్కి పోకుండా ఉందో లేదో తప్పకుండా అడుగు. కానీ వీటన్నిటికంటే ముందు, నువ్వు బజారుకు వెళ్ళినప్పుడు వ్యానులో ఆ యంత్రం పక్కన ఒంటరిగా ఉండేది ఎవరో, వాళ్ళను కొట్టుకు వెంటబెట్టుకెళ్ళి, ఏది కావాలో వాళ్ళను అడుగు. అడిగాక, వాళ్ళు చెప్పేది ఆఖరి వరుస దాకా చదువు.